నెత్తుటి గది తాళపుచెవి: ఒక ఆంగ్ల కథాసంపుటి పరిచయం



మన పల్లెల కథలలో రాకుమారుడు ఇల్లు విడిచి బయలుదేరే వేళ తల్లి గాని, ఆశ్రయమిచ్చిన పేదరాశి పెద్దమ్మ గాని ఒక మాట చెప్పక మానదు. "నాయనా, మూడు దిక్కులకూ వెళ్ళు, ఉత్తర దిక్కుకు మాత్రం పోవద్దు" అంటుంది. అతడు ఉత్తర దిక్కుకే పోతాడని వినే పిల్లలందరికీ ఆ క్షణమే తెలిసిపోతుంది. పోకపోతే కథ లేదు. మా ఇంట నానీమా చెప్పిన కథలలో దిక్కు ఉండేది కాదు, తలుపు ఉండేది. అల్ఫ్ లైలాలోని మూడవ ఖలందరు కథ ఆమెకు కంఠతా వచ్చు. ఒక భవనంలోని సుందరీమణులు కొన్నాళ్ళు ఎటో వెళ్ళవలసివచ్చి, అతిథిగా ఉన్న రాకుమారుని చేతికి తాళపుచెవులన్నీ అప్పగించి, ఒక్క తలుపు మాత్రం తెరవవద్దని కన్నీటితో బ్రతిమాలి వెళ్తారు. అతడు తెరుస్తాడు. లోపల నల్లని గుర్రం ఒకటి ఉంటుంది. ఎక్కగానే అది ఆకాశానికి ఎగిరి, అతనిని మరొకచోట దింపి, తోకతో కొట్టి ఒక కన్ను పోగొట్టి వెళ్ళిపోతుంది. "ఎందుకు తెరిచాడు నానీమా?" అని మేము అడిగితే, "తెరవవద్దన్నారు గనుక" అని ఆమె సమాధానం. అంతకుమించి ఆమె ఏ నీతీ చెప్పేది కాదు.

నిరుడు గ్రంథాలయానికి తెప్పించవలసిన పుస్తకాల పట్టికలో నేను ఒక ఆంగ్ల కథాసంపుటి పేరు వ్రాసి ఇచ్చాను. పట్టికను పరిశీలించిన పెద్దలలో ఒకరు, నాపై వాత్సల్యం గలవారే, "ఇది పిల్లల పుస్తకమా, పెద్దల పుస్తకమా? తోడేళ్ళ కథలు డిగ్రీ చదివేవారికి ఎందుకు?" అని ప్రశ్నించారు. ప్రశ్న సబబైనదే. ఆనాడు నేను తృప్తికరమైన సమాధానం చెప్పలేకపోయాను. ఆ సమాధానాన్ని కొంత నిదానంగా ఈ వ్యాసంలో చెప్పుకొనే ప్రయత్నం చేస్తున్నాను.

ఆ పుస్తకం పేరు 'ది బ్లడీ చేంబర్'. తెలుగులో 'నెత్తుటి గది' అనవచ్చును. రచయిత్రి ఏంజెలా కార్టర్ (1940–1992) ఇంగ్లండు దేశస్థురాలు, బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో ఆంగ్ల సాహిత్యం చదివినది. కొంతకాలం జపాను దేశంలో నివసించినది. పదిహేడవ శతాబ్దపు ఫ్రెంచి రచయిత షార్ల్ పెరో 1697లో ప్రకటించిన జానపద కథలను ఆమె ఆంగ్లంలోకి అనువదించగా 1977లో ఆ అనువాదం వెలువడినది. అనువాదకుడు ప్రతి వాక్యం వద్దా ఆగవలసినవాడు. మామూలు పాఠకుడు దాటిపోయే చోట అతనికి సందేహం కలుగుతుంది. పెరో కథల వద్ద ఆమెకు కలిగిన సందేహాలే రెండేళ్ళ తరువాత, 1979లో, పది కథల సంపుటిగా రూపుదాల్చినవని నా ఊహ. పాత కథలను తిరిగి చెప్పటం తన ఉద్దేశం కాదని, వాటిలో మరుగుపడి ఉన్న సారాన్ని వెలికితీసి, దానిని కొత్త కథలకు మొదలుగా వాడుకొన్నానని ఆమె చెప్పుకొన్నది.

ఇక్కడ తెలుగు విద్యార్థులకు ఒక సౌకర్యమున్నది. మన విమర్శకులు 'కథ' అనే పాతమాట ప్రక్కన 'కథానిక' అనే మాటను చేర్చుకొన్నారు. గురజాడవారి 'దిద్దుబాటు' (1910) వంటిది కథానిక. అందులోని ఇల్లు, వీధి, భార్యాభర్తలు మనకు ఎదురయ్యేవారే. భేతాళుడు విక్రమార్కునికి చెప్పేది కథ. ఆ శవం నిజంగా మాట్లాడునా అని ఎవరూ అడగరు. అడగవలసినది అది చెప్పిన చిక్కుముడిని గూర్చి మాత్రమే. కార్టర్ కూడా 1974లో వెలువడిన తన తొలి కథాసంపుటి 'ఫైర్‌వర్క్స్' చివర ఇటువంటి భేదాన్నే చూపినది. నిత్యజీవితపు అనుభవాన్ని ఉన్నదున్నట్లు నమోదు చేయటం కథానిక పని అనీ, కథ ఆ అనుభవానికే ప్రతీకల ద్వారా అర్థం చెబుతుందనీ ఆమె అభిప్రాయం. 1947లో మొదలైన 'చందమామ'ను దశాబ్దాల పాటు చదివిన తెలుగు ఇండ్లకు ఈ సంగతి వేరుగా బోధింపనక్కరలేదు. కనుక ఈ సంపుటిని చేతికి తీసుకొన్న విద్యార్థి "ఇది జరుగునా?" అనే ప్రశ్నను గుమ్మం బయటే విడిచి లోపలికి రావలెను.

సంపుటికి పేరునిచ్చిన మొదటి కథ పెరో చెప్పిన నీలిగడ్డం దొర కథకు కొత్త రూపం. పాత కథలో ధనవంతుడైన నీలిగడ్డం దొర కొత్త భార్యకు తాళపుచెవులిచ్చి, చిన్నగది ఒకటి తెరవవద్దని చెప్పి ప్రయాణమై వెళ్తాడు. ఆమె తెరుస్తుంది. లోపల పూర్వపు భార్యల శవాలు ఉంటాయి. భయంతో చేజారిన తాళపుచెవికి అంటిన నెత్తుటి మరక ఎంత తోమినా పోదు. దొర తిరిగి వచ్చి ఆమెను చంపబోగా, ప్రార్థన చేసుకొనుటకు కొంత వ్యవధి అడిగి, గోపురం మీద ఉన్న అక్క ఆన్‌ను "ఎవరైనా వస్తున్నారా?" అని పదేపదే అడుగుతూ కాలం గడుపుతుంది. చివరికి అన్నదమ్ములు గుర్రాల మీద వచ్చి రక్షిస్తారు.

అల్ఫ్ లైలా ఎరిగినవారికి ఇదంతా ఎక్కడో విన్నట్లే ఉంటుంది. షహర్యార్ పాదుషా కూడా ఒక విధంగా నీలిగడ్డం దొరయే. ప్రతి ఉదయమూ ఒక వధువు శిరస్సు నేల రాలుతుంది. షహర్‌జాద్ కూడా వ్యవధినే సంపాదించుకొంటుంది. ఆమెకూ తోడుగా దున్యాజాద్ అనే చెల్లెలు ఉంటుంది. ఇరుచోట్లా వధ్యస్థానంలో ఉన్న స్త్రీకి ఇంకొక స్త్రీ తోడు. అయితే పెరో ఈ కథకు చివర నీతిపద్యం చేర్చి, ఆడువారి కుతూహలం చేటు తెస్తుందని హెచ్చరించినాడు. ఇది చదివినప్పుడల్లా నాకు ఆశ్చర్యం కలుగుతుంది. గదినిండా శవాలను దాచినవాడు ఎదుట ఉండగా, తలుపు తీసినందుకా మందలింపు! ఖలందరు కూడా తలుపు తెరిచి కన్ను పోగొట్టుకొన్నాడు గాని, ఆ కారణాన పురుషులందరూ కుతూహలపరులని ఎవరూ నీతిపద్యం వ్రాయలేదు.

కార్టర్ చేసిన మార్పు చూడండి. ఆమె కథలో పెండ్లికూతురు పదిహేడేళ్ళ పిల్ల, పేదది, పియానో విద్వాంసురాలు. కథను ఆమెయే చెబుతుంది. భర్త మార్కీ బిరుదు గల ప్రభువు. అతని కోట సముద్రపుటొడ్డున ఉన్నది, ఆటు వచ్చినప్పుడే దారి తేలుతుంది, పోటు వస్తే చుట్టూ నీరు. అతడు ఆమెకు కెంపుల కంటె ఒకటి బహూకరిస్తాడు. మెడకు బిగుతుగా అంటుకొని ఉండే ఆ ఎర్రని ఆభరణాన్ని ధరించి అద్దంలో చూసుకొంటే కోసిన కంఠంవలె కనిపిస్తుంది. ఈ కథలో అక్క ఆన్ లేదు, ఆమె స్థానంలో టెలిఫోను ఉన్నది. కొత్త కాపురంలో మొదటిసారి తల్లికి ఫోను చేసినప్పుడు, స్నానాల గదిలో కుళాయిలు బంగారువని చెబుతూ ఆ పిల్ల ఏడుస్తుంది. బంగారు కుళాయిలకు ఎవరైనా ఏడుస్తారా? తల్లి ఆ ఒక్క ఏడుపును విని బయలుదేరుతుంది. అన్నదమ్ములు రారు. యౌవనంలో ఇండోచైనాలో మనుషులను తినే పులిని కాల్చి చంపిన ఆ తల్లి, పోటెక్కిన నీటిలో గుర్రాన్ని దౌడు తీయిస్తూ వచ్చి, చనిపోయిన భర్త తుపాకితో అల్లుని కాలుస్తుంది.

ఆడపిల్లను అత్తవారింటికి పంపిన మన తల్లులలో "అంతా బాగుందమ్మా" అన్న మాట వెనుక గొంతును వినగలిగినవారు ఎందరు? విని కూడా "సర్దుకుపో" అన్నవారు ఎందరు? కథ ఈ ప్రశ్న వేయదు. దౌడు తీసే గుర్రాన్ని మాత్రం చూపిస్తుంది. ఈ కథ తరగతిలో చెప్పినప్పుడు నవ్వుతూ విన్నవారంతా కుళాయిల ఘట్టం వద్ద నిశ్శబ్దమైపోయారు.

తరువాత నేను ఎక్కువసేపు నిలువదలచినది మూడు నాలుగు పుటలకు మించని చిన్న కథ వద్ద. దాని పేరు 'ది వేర్‌వుల్ఫ్', అనగా తోడేలుగా మారే మనిషి. ఎర్రటోపీ పిల్ల కథ మీకు చిన్నప్పుడే తెలుసు. పెరో చెప్పినప్పుడు తోడేలు ఆ పిల్లను మింగటంతోనే కథ ముగుస్తుంది. 1812లో గ్రిమ్ సోదరులు ప్రకటించిన రూపంలో వేటగాడు వచ్చి తోడేలు కడుపు కోసి అవ్వనూ మనుమరాలినీ బయటికి తీస్తాడు. కార్టర్ కథలో వేటగాడు లేడు. శీతలమైన ఉత్తరదేశం, అడవి, బీదతనం, దయ్యాల భయం. ఆ దేశంలో ఒక ముసలిదాని జున్ను ఇరుగుపొరుగువారి జున్ను కంటె ముందు పక్వమైతే చాలు, నల్లపిల్లి ఒకటి ఆమె వెంట తిరిగితే చాలు, ఆమె మంత్రగత్తె అంటారు. వెదికి ఒంటిమీద ఏదో ఒక గుర్తు పట్టుకొని రాళ్ళతో కొట్టి చంపుతారు. రచయిత్రి ఇదంతా వాతావరణ వర్ణనలో భాగంగా అన్నట్లు, గొంతు పెంచకుండా చెబుతుంది.

జబ్బుగా ఉన్న అవ్వకు రొట్టెలు తీసుకొని పిల్ల బయలుదేరుతుంది. ఆమె చేతిలో తండ్రి వేటకత్తి ఉన్నది. అడవిలో తోడేలు మీదికి వస్తుంది. పిల్ల బెదరక దాని కుడి ముంగాలును ఒక్క వేటున నరుకుతుంది. తోడేలు మూలుగుతూ పారిపోతుంది. పిల్ల కత్తి తుడుచుకొని, తెగిన కాలును గుడ్డలో చుట్టి బుట్టలో పెట్టుకొని నడుస్తుంది. మంచు దట్టంగా కురిసి అడుగుజాడలన్నిటినీ కప్పివేస్తుంది. అవ్వ ఇంటికి చేరేసరికి ముసలమ్మ జ్వరంతో మండిపోతూ ఉన్నది. తడిగుడ్డ వేయటానికి బుట్టలోని గుడ్డను దులపగా క్రింద పడినది తోడేలు కాలు కాదు, మనిషి చేయి. వేలికి పెండ్లి ఉంగరం, చూపుడు వేలిపై పులిపిరి. దుప్పటి తీసి చూస్తే అవ్వ కుడిచేయి తెగి ఉన్నది. పిల్ల కేకలు వేస్తుంది. ఇరుగుపొరుగువారు వచ్చి, పులిపిరిని మంత్రగత్తె గుర్తుగా నిర్ణయించి, ఒంటిమీది రాత్రిదుస్తులతోనే ముసలిదానిని మంచులోకి ఈడ్చి, అడవి అంచుదాకా కర్రలతో తరిమి, చచ్చి పడిపోయేవరకు రాళ్ళు రువ్వుతారు. ఆపైన ఒకే ఒక్క చిన్న మాట. ఇప్పుడు ఆ పిల్ల అవ్వ ఇంట్లోనే ఉంటున్నది, సుఖంగా ఉన్నది.

ఈ కథను నేను ద్వితీయ సంవత్సరం విద్యార్థులకు తెలుగులో చెప్పాను. ధైర్యవంతురాలైన పిల్ల గెలిచినదని అందరికీ సంతోషమే కలిగినది. రెండు నిమిషాలు గడిచాయి. వెనుక వరుసలో ఎన్నడూ మాట్లాడని ఒక అమ్మాయి లేచి, "ఇల్లు ఎవరికొచ్చింది సార్?" అని అడిగినది. మరొక విద్యార్థి, "అయితే ముసలమ్మ మంత్రగత్తె కాదా సార్? చేయి తెగింది కదా!" అన్నాడు. "చేయి తెగింది. కత్తి ఎవరి దగ్గర ఉంది?" అని ఆమె. గంట కొట్టేవరకు ఆ వాదం సాగినది. ఆ రోజు పాఠం చెప్పినది నేను కాదు.

ఎవరు సరి? తోడేలు వచ్చినదని కథయే చెబుతున్నది కదా అని కొందరి వాదన. నిజమే. కాని ఆ కథ చెప్పే గొంతు ఎవరిది? జున్ను ముందుగా పక్వమైతే మంత్రగత్తె అని నమ్మే ఆ దేశపు ప్రజల గొంతు అది. సాక్షి పిల్ల ఒక్కతే. అడుగుజాడలను మంచు కప్పినది. అవ్వ పక్షాన మాట్లాడినవారు లేరు, ఆమెకు మాట్లాడే అవకాశం ఇచ్చినవారు లేరు. తీర్పు చెప్పవలసిన భారం రచయిత్రి మనమీద పెట్టి తాను తప్పుకొన్నది. పిల్లల కథకు ఉండే పొడి వాక్యాలు, పరుగు, చివరి శుభం అన్నీ ఉన్నాయి. ఆ శుభమే గుండెలో ముల్లువలె దిగుతుంది.

బాణామతి అనీ, చేతబడి అనీ అనుమానించి ఒంటరి వృద్ధులను, దిక్కులేని స్త్రీలను కొట్టి చంపిన వార్తలు తెలంగాణ జిల్లాల నుండి వింటూనే ఉన్నాము. అటువంటి వార్తను పత్రికలో రెండు అంగుళాల మేర చదివి పుట తిప్పేస్తాము. ఈ కథ చదివిన తరువాత ఆ అమ్మాయి ప్రశ్న అడగకుండా పుట తిప్పలేము. ఆ ఇల్లు, ఆ రెండెకరాల పొలం ఎవరికి వచ్చినవి? తోడేళ్ళ కథలు డిగ్రీవారికి ఎందుకని అడిగిన పెద్దలకు నేను చెప్పదలచిన సమాధానంలో ముఖ్యభాగం ఇదే.

సంపుటిలోని తక్కిన కథలను గూర్చి క్లుప్తంగా చెబుతాను. 'సుందరి, మృగము' అనే ఫ్రెంచి కథను కార్టర్ ఒకదాని ప్రక్కన ఒకటిగా రెండుసార్లు వ్రాసినది. మొదటిదానిలో సింహరూపుడైన ప్రభువు ప్రేమవలన మనిషి అవుతాడు. ఇది మనం ఎరిగిన ముగింపే. 'ది టైగర్స్ బ్రైడ్' అనే రెండవదానిలో తండ్రి పేకాటలో కూతురినే ఒడ్డి, మనిషి ముసుగు తొడిగిన పెద్దపులికి ఓడిపోతాడు. నన్నయగారి సభాపర్వం చదివిన విద్యార్థులకు ఇక్కడ ద్రౌపది జ్ఞాపకం రాక తప్పదు. నన్ను ఒడ్డే అధికారం ఆయనకు ఉన్నదా అని ఆమె అడిగిన ప్రశ్నకు నిండుసభలో పెద్దలు సమాధానం చెప్పలేదు. కార్టర్ కథానాయిక సభను అడగదు. తనకు పరిచారికగా ఇచ్చిన, కీలుతో నడిచే బొమ్మను తన బదులు తండ్రికి కూతురుగా పంపివేయటానికి నిశ్చయించుకొంటుంది! తండ్రికి కావలసిన కూతురు అంతకంటె వేరు కాదని ఆమె భావం. చివరకు పులి మనిషి కాదు, ఆమెయే పులి అవుతుంది. ఈ ముగింపు మీకు నచ్చవచ్చు, నచ్చకపోవచ్చు. మొదట నాకూ నచ్చలేదు. రెండు కథలను ఒకే పూట వరుసగా చదివిన నాడు మాత్రమే రెండవది లేకుండా మొదటిది అసంపూర్ణమనిపించినది.

రుమేనియాలోని శిథిలభవనంలో రక్తం త్రాగి బ్రతికే ప్రభుకన్య ఇంటికి సైకిలు మీద వచ్చిన ఆంగ్ల యువసైనికుని కథ ఇంకొకటి. ఆమె వాత పడకుండా అతడు క్షేమంగా బయటపడతాడు. కథ ముగిసేది అతని దళం మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సుకు బయలుదేరటంతో. పిశాచాన్ని తప్పించుకొన్నవాడు కందకాలలోకి పోతున్నాడు. దీనికంటె భయంకరమైన దయ్యం కథ ఉన్నదా? బూట్లు తొడిగిన పిల్లి చెప్పే కథ మాత్రం హాస్యభరితం, కొంత చిలిపిది కూడా.

పెద్దలు ఈ వ్యాసం చదువుతారు గనుక లోపాలను దాచను. ఈ పుస్తకం పిల్లలది కాదు. స్త్రీపురుష సంబంధాలను రచయిత్రి దాపరికం లేకుండా వర్ణించినది. 'ది స్నో చైల్డ్' అనే ఒకటి రెండు పుటల కథను నేను తరగతిలో చెప్పలేను, ఇక్కడ కూడా చెప్పను. ఇంటర్మీడియట్ విద్యార్థుల చేతికి ఈ సంపుటి ఇవ్వరాదని, డిగ్రీ చివరి సంవత్సరంవారికి అడిగితే ఇవ్వవచ్చునని నా అభిప్రాయం. శైలి కూడా సులభం కాదు. సుగంధాలు, పట్టువస్త్రాలు, పూలు, మణులు, వీటి వర్ణనలు ఒక్కొక్కచోట కథకు ఊపిరాడనివ్వవు. మన ప్రబంధాలలోని అష్టాదశ వర్ణనలను ఓర్చుకొన్నవారు దీనిని ఓర్చుకోగలరు. నాకు నిఘంటువు లేకుండా మొదటి కథ దాటటం సాధ్యపడలేదు.

చదవదలచినవారికి ఒక క్రమం సూచిస్తాను. పుస్తకం మొదటి పుట నుండి మొదలుపెట్టవద్దు. ముందుగా పెరో చెప్పిన నీలిగడ్డం కథనూ, గ్రిమ్ సోదరుల ఎర్రటోపీ కథనూ చదవండి. రెండూ కలిసి అరగంట పని. పాత బాట తెలియనివానికి కొత్త మలుపు మలుపుగా తోచదు. ఆ తరువాత చిన్నదైన తోడేలు కథ, దాని వెంటనే అదే ఎర్రటోపీ పిల్లను మరొక త్రోవలో నడిపించిన 'ది కంపెనీ ఆఫ్ వుల్వ్స్', ఆపైన నెత్తుటి గది. 'ది కంపెనీ ఆఫ్ వుల్వ్స్' ఆధారంగా 1984లో నీల్ జోర్డన్ దర్శకత్వంలో చలనచిత్రం కూడా వచ్చినది. కథ చదవకముందు దానిని చూడకపోవటం మంచిది.

పుస్తకం ప్రస్తుతం నా సొంత ప్రతి ఒక్కటే ఉన్నది. కావలసినవారు తెలుగు విభాగంలో నన్ను కలిసి వారం రోజులకు తీసుకొని వెళ్ళవచ్చును. తిరిగి ఇచ్చేటప్పుడు మీ నానీమా గాని, దాదీ గాని, అమ్మమ్మ గాని, నాయనమ్మ గాని చెప్పిన కథ ఒకటి, ఉర్దూలోనైనా తెలుగులోనైనా, రెండు పుటలలో వ్రాసి దానితోపాటు ఇవ్వండి. ఆమె చెప్పినట్లే వ్రాయండి, నీతి చేర్చవద్దు. బాగున్నవాటిని వచ్చే సంచికకు ఎంపిక చేస్తాను.